ఒడిశా సరిహద్దు తెలుగువారికి ఉమ్మడి గణితకోశం: డిగ్రీ, పీజీ గణితాన్ని ఆన్‌లైన్లో పదిమందీ కలిసి కట్టే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో లెక్కలు నేర్చుకుంటారు, డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఎమ్మెస్సీలో ఏకరూప అవిచ్ఛిన్నత (యూనిఫాం కంటిన్యుటీ) దగ్గర ఆగిపోయిన విద్యార్థికి తన మాటలో ఖచ్చితమైన నిర్వచనం, పూర్తి నిరూపణ, నాలుగు ఉదాహరణలు ఒకేచోట దొరికితే ఎంత మేలో ఆ తరగతిలో కూర్చున్నవారికి తెలుసు. అలాంటి కోశాన్ని ఐదారుగురు కలిసి ఏడాదిలో నిలబెట్టవచ్చు. బరంపురం విశ్వవిద్యాలయంలోనో, పర్లాకిమిడి, జయపురం కాలేజీల్లోనో గణితం చదివినవాళ్లు, చెప్పేవాళ్లు చేయి కలిపితే చాలు.

ఒక సంగతి ముందే చెప్పాలి. సైటు పెట్టడం ఒకటి రెండు రోజుల పని. మాటలు, వాక్యాలు కుదరడానికి నెలలు పడుతుంది, కోశం చెడిపోయేదీ అక్కడే. అందుకే కింద సాఫ్ట్‌వేరు కంటే భాషకే ఎక్కువ చోటిచ్చాం.

హద్దు గీసుకోవడం

"గణితమంతా పెడదాం" అని మొదలుపెట్టినవి ఖాళీ పేజీలతో మిగిలిపోతాయి. మొదటి విడతకు 120 పేజీలు లెక్క వేసుకోండి: వాస్తవ విశ్లేషణకు 45, రేఖీయ బీజగణితానికి 35, సమూహ సిద్ధాంతానికి 40. వారానికి మూడు పేజీల చొప్పున 40 వారాలు. అంతకన్నా వేగంగా రాస్తే సరిచూసేవాళ్లు వెనకబడతారు, సరిచూడని పేజీలు పేరుకుపోతాయి.

పేజీ అంటే అధ్యాయం కాదు. ఒక నిర్వచనం, లేదా ఒక సిద్ధాంతం, లేదా ఒక ప్రత్యుదాహరణ. "అనుక్రమాలు" అని పొడుగాటి వ్యాసం రాస్తే దానిలోని ఒక లెమ్మాకు (సహాయక సిద్ధాంతానికి) లింకు ఇవ్వలేరు. "కోషీ అనుక్రమం", "పరిబద్ధ అనుక్రమం", "ఏకదిష్ట అనుక్రమ అభిసరణ" అని విడివిడిగా పెట్టండి. వర్గీకరణ కొత్తగా కనిపెట్టకండి. గణితశాస్త్ర విషయ వర్గీకరణ 2020 కూర్పులో రెండంకెల తలవర్గాలు 63 ఉన్నాయి. రేఖీయ బీజగణితం 15, సమూహాలు 20, వాస్తవ ప్రమేయాలు 26. ఆ అంకెను ప్రతి పేజీ అడుగున వేస్తే చాలు.

లైసెన్సు: మొదటి పేజీకి ముందే

2000లో మాథ్‌వరల్డ్ అనే పెద్ద గణిత సైటు కోర్టు గొడవతో ఏడాదికి పైగా మూతపడింది. అందులోని వ్యాసాలు ఒక ప్రచురణకర్త ముద్రించిన పుస్తకంగా కూడా వచ్చాయి, హక్కు ఎవరిదన్నదే తగవు. ఆ ఖాళీలోంచే 2001లో ప్లానెట్‌మాథ్ పుట్టింది, స్వేచ్ఛా లైసెన్సుతో, రాసినవారందరి ఉమ్మడి సొత్తుగా. ఈ పాఠం మనకు ఉచితంగా దొరికింది కాబట్టి వాడుకుందాం: క్రియేటివ్ కామన్స్ ఆపాదన, అదేవిధ పంపకం 4.0 లైసెన్సు ఎంచుకోండి. ఖాతా తెరిచే ప్రతివాళ్లూ దానికి ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టాకే రాయనివ్వండి. తరువాత ఒప్పించాలంటే మనుషులు దొరకరు.

పాఠ్యపుస్తకం వాక్యాలను అనువదించి పెట్టడం కుదరదు. భారతదేశంలో రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అనువాద హక్కు కూడా అందులో భాగమే. సిద్ధాంతం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన వాక్యం మాత్రం రాసినవారిది. చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద సొంతంగా రాయడమే దారి. వికీపీడియా నుంచి తెస్తే పేరు, లింకు ఇవ్వాలి. గ్నూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు మాత్రమే ఉన్న పాఠాన్ని (బీజీయ జ్యామితి మీద పదిమందీ కలిసి ఆన్‌లైన్లో రాసే స్టాక్స్ ప్రాజెక్టు అలాంటిదే) మన లైసెన్సు ఉన్న పేజీలో కలపకూడదు. లింకు ఇస్తే సరిపోతుంది.

మాటల పట్టిక

మొదటి నెల ఒక్క వ్యాసం కూడా రాయకండి. 300 మాటల పట్టిక తయారుచేయండి. వరుసకు నాలుగు గళ్లు: తెలుగు మాట, ఇంగ్లీషు మాట, ఒడియా బడిమాట, వద్దనుకున్న మాటలు. నాలుగో గడి ఎందుకంటే, "ఫీల్డ్"కు క్షేత్రం అని ఒకసారి తేల్చాక మళ్లీ ఆరు నెలలకు ఇంకెవరో వచ్చి వేరే మాట పెడతారు. అప్పుడు చర్చ మొదటినుంచి తిరగకుండా కారణం అక్కడే రాసి ఉండాలి.

సరిహద్దులో ఈ పట్టిక లేకుండా అడుగు పడదు, ఎందుకంటే మాటలు ఒకేలా వినిపించి వేరే అర్థాలిస్తాయి. ఒడియా బడిలో పరిమేయ అంటే రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయగల సంఖ్య, అపరిమేయ అంటే అలా రాయలేనిది. తెలుగులో నిష్పత్తిగా రాయగలిగేది అకరణీయ సంఖ్య, రాయలేనిది కరణీయ. అక్కడ "అ" చేరితే రూటు రెండు లాంటిది, ఇక్కడ "అ" చేరితే సగం, మూడో వంతు లాంటివి. ఒడియాలో చదివి వచ్చిన విద్యార్థి "అకరణీయ" చూడగానే తలకిందులుగా అర్థం చేసుకుంటాడు, అది అతని తప్పు కాదు. పరిష్కారం: ఆ మాట వచ్చిన ప్రతి పేజీలోనూ మొదటిసారి "అకరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తి" అని అక్కడికక్కడే విప్పి చెప్పాలి. లింకు ఇచ్చి ఊరుకుంటే చాలదు, నొక్కేవాళ్లు తక్కువ.

ఇంకో జత. తెలుగులో ఉపపత్తి అంటే నిరూపణ, ఒడియాలో ఉపపాద్య అంటే సిద్ధాంతం. అందుకే కోశంలో ఉపపత్తి మాటను వదిలి "నిరూపణ" అనే వాడండి. ప్రమేయం సంగతి మరీ చిక్కు. తెలుగులో అది ఫంక్షన్, హిందీలో, మరాఠీలో ప్రమేయ అంటే సిద్ధాంతం, ఒడియాలో ఫంక్షన్‌ను ఫలన అంటారు. సిరొంచ, దెగ్లూరు వైపు మరాఠీ బడుల్లో చదివిన తెలుగువాళ్లు కూడా మన కోశం తెరుస్తారు కాబట్టి ప్రమేయం పేజీ తలలోనే ఈ మూడు ముక్కలూ ఉండాలి.

తెలుగులోపలి జంటలు కూడా ఉన్నాయి. శ్రేఢి, శ్రేణి ఒకటి కాదు. అంకశ్రేఢి, గుణశ్రేఢి అన్నప్పుడు పదాల వరుస. అనంత శ్రేణి అన్నప్పుడు ఆ పదాల కూడిక. టైపు చేసేవాళ్లు ఢ బదులు ణ కొడితే అర్థమే మారిపోతుంది, కంటికి ఆనదు. వెతుకుడు పెట్టెలో ఏది కొట్టినా "మీకు కావలసింది ఇదా, అదా" అని చూపే అయోమయ నివృత్తి పేజీ పెట్టండి. క్షేత్రానికీ అంతే: బీజగణితంలో క్షేత్రం, కలనంలో సదిశ క్షేత్రం వేరు.

కొత్త మాట పుట్టించడానికి తొందరపడకండి. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ వాడుకభాష కోసం వాదించారు, సవరలు మాట్లాడే భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. ఆ నేల మీద కడుతున్న కోశంలో ఎవరి నోటా లేని సంస్కృత సమాసం పెట్టడం బాగుండదు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో స్థిరపడ్డ మాట ఉంటే అది (సమూహం, వలయం, మాత్రిక, అవధి). లేకపోతే తరగతిలో అనే మాటే తెలుగు లిపిలో: లెమ్మా, టోపాలజీ, కెర్నెల్, టెన్సర్.

వాక్యం ఎక్కడ జారుతుంది

గణిత వాక్యంలో "ప్రతి", "ఒక", "కాదు" ఏ వరుసలో వచ్చాయన్నదే అర్థం. తెలుగులో మాటల వరుస వదులుగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు అది అందం, నిర్వచనంలో ప్రమాదం. వాక్యం రాయడంలో అందరూ పాటించాల్సిన పద్ధతులు కొన్ని:

"అన్ని ప్రమేయాలూ అవిచ్ఛిన్నాలు కావు." దీనికి రెండు అర్థాలు. కొన్ని కావు అనీ, ఒక్కటీ కాదు అనీ. ఈ తరహా వాక్యం నిషేధించండి. మొదటిదానికి "అవిచ్ఛిన్నం కాని ప్రమేయం కనీసం ఒకటి ఉంది" అని, రెండోదానికి "ఏ ప్రమేయమూ అవిచ్ఛిన్నం కాదు" అని రాయాలి.

"అయితే", "అయితేనే". ఒక్క "నే" చేరగానే బాణం దిశ తిరిగిపోతుంది. "అవకలనీయం అయితే అవిచ్ఛిన్నం" నిజం. "అవకలనీయం అయితేనే అవిచ్ఛిన్నం" అబద్ధం, సున్న దగ్గర మాపాంక ప్రమేయమే సాక్ష్యం. రెండు వైపులా నిజమైనప్పుడు "ఆవశ్యక పర్యాప్త నియమం" అనండి, నిరూపణలో ఆవశ్యకం ఒక పేరా, పర్యాప్తం ఒక పేరా.

"ఒక", "ఒకే", "ఒకే ఒక్క". ఉనికి చెప్పాలంటే "కనీసం ఒకటి ఉంది". ఏకైకం అని చెప్పాలంటే "ఒకే ఒక్కటి ఉంది". అందరికీ కలిపి సరిపోయేది అని చెప్పాలంటే "ఉమ్మడిగా ఒకటి". ఈ మూడోది లేక ఏకరూప అవిచ్ఛిన్నత నిర్వచనాలు పాడవుతుంటాయి (పూర్తి నిర్వచనం తరువాతి భాగంలో ఉంది). "ప్రతి ఎప్సిలాన్‌కూ ఒకే డెల్టా ఉంటుంది" అని రాస్తే డెల్టా ఒక్కటే ఉంటుందనుకుంటారు, కానీ అంతకన్నా చిన్నవన్నీ పనికొస్తాయి.

"లేదా" అంటే కోశమంతటా రెండూ కావచ్చు. రెండిట్లో ఒకటే అయితే "రెండూ కలిసి కాదు" అని విడిగా చెప్పండి.

గుర్తులకు విభక్తి నేరుగా తగిలించకండి. ఫార్ములాకు "కు", "ని" అంటిస్తే తెరమీద పాఠం విరిగి కింది వరుసలోకి పోతుంది, తప్పు కూడా కనబడదు. గుర్తు తరువాత నామవాచకం పెట్టి దానికి తగిలించండి: "ఎక్స్ అనే బిందువుకు", "ఎఫ్ ప్రమేయాన్ని".

వీటితోపాటు ఒక "సంప్రదాయాల పేజీ" ఉండాలి. సహజసంఖ్యల్లో సున్న ఉందా? వలయానికి గుణకార తత్సమం తప్పనిసరా? "ఆరోహణ" అంటే సమానం ఒప్పుకుంటామా? సంకీర్ణ అంతరలబ్ధం మొదటి స్థానంలో రేఖీయమా, రెండో స్థానంలోనా? పుస్తకం పుస్తకానికీ ఇవి మారతాయి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, 120 పేజీల్లోనూ అదే ఉండాలి.

ఒక పేజీ దగ్గరగా: ఏకరూప అవిచ్ఛిన్నత

తలలో మూడు పేర్లు: తెలుగు, ఇంగ్లీషు, ఒడియా. వెంటనే నిర్వచనం, రెండు వాక్యాల్లో. "ఎఫ్ ప్రమేయం ప్రదేశం ఒక సమితి అనుకుందాం. ప్రతి ధన ఎప్సిలాన్‌కూ, ఆ సమితిలోని బిందువులన్నిటికీ ఉమ్మడిగా సరిపోయే ధన డెల్టా కనీసం ఒకటి ఉంటే, అంటే ఏ రెండు బిందువుల దూరం డెల్టా కన్నా తక్కువైనా వాటి విలువల తేడా ఎప్సిలాన్ కన్నా తక్కువైతే, ఎఫ్ ఆ సమితి మీద ఏకరూపంగా అవిచ్ఛిన్నం."

దాని కిందే మామూలు అవిచ్ఛిన్నతతో తేడా: అక్కడ బిందువు ముందు వస్తుంది, డెల్టా ఆ బిందువు మీద కూడా ఆధారపడవచ్చు. ఇక్కడ డెల్టా ముందు, బిందువులు తరువాత.

తరువాత కానిదానికి ఉదాహరణ, పూర్తి లెక్కతో. ఎక్స్ వర్గం ప్రమేయం వాస్తవ సంఖ్యలన్నిటి మీదా ఏకరూపంగా అవిచ్ఛిన్నం కాదు. ఎప్సిలాన్ = 1 తీసుకోండి. ఎవరు ఏ డెల్టా ఇచ్చినా, ఒక బిందువు 1/డెల్టా, రెండోది దానికి డెల్టా/2 కలిపినది. దూరం డెల్టాలో సగమే. వర్గాల తేడా మాత్రం 1 + (డెల్టా వర్గం/4), అంటే 1 కన్నా ఎక్కువ. "వాలు పెరిగిపోతుంది కాబట్టి కాదు" అని చెప్పి వదిలేసిన పేజీని ఒప్పుకోకండి. వాలు ఎంత పెరిగినా ఏకరూపంగా ఉండేవి ఉన్నాయి: 0 నుంచి 1 దాకా వర్గమూలం సున్న దగ్గర నిట్టనిలువుగా లేస్తుంది, అయినా ఏకరూపంగా అవిచ్ఛిన్నమే.

ఆపైన సిద్ధాంతానికి లింకు: సంవృత పరిబద్ధ అంతరం మీద అవిచ్ఛిన్నమైన ప్రతి ప్రమేయమూ ఏకరూపంగా అవిచ్ఛిన్నం. ఆ సిద్ధాంతం పేజీలో "నియమం తీసేస్తే?" అనే భాగం తప్పనిసరి. పరిబద్ధం తీసేస్తే పై వర్గ ప్రమేయం. సంవృతం తీసేస్తే 0, 1 మధ్య వివృతాంతరం మీద 1/ఎక్స్: ఎన్ 2 నుంచి మొదలుపెడితే 1/ఎన్, 1/(ఎన్+1) బిందువుల దూరం సున్నకు పోతుంది, విలువల తేడా ఎప్పుడూ 1. విద్యార్థికి నియమాలు ఎందుకున్నాయో ఇక్కడే తెలుస్తుంది. సమూహాల పేజీల్లో కూడా ఇదే పద్ధతి. లగ్రాంజ్ సిద్ధాంతం విపర్యయం నిజం కాదు, నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలున్నా 6 మూలకాల ఉపసమూహం లేదు, అది ఎందుకు లేదో కూడా రాయాలి.

నిరూపణలో మెట్లకు అంకెలు వేయండి, ప్రతి మెట్టు చివర ఏ పేజీని వాడారో లింకు. "స్పష్టంగా", "సులభంగా చూపవచ్చు" అనే మాటలు కనబడితే సరిచూసేవారు పేజీ వెనక్కి పంపాలి.

ఆధారాలు చుట్టు తిరగకుండా

పదిమంది రాసే కోశానికి ప్రత్యేకమైన జబ్బు ఇది. ఒకరు అవధి పేజీలో సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1 అని లోపిటాల్ సూత్రంతో చూపుతారు. ఇంకొకరు సైన్ అవకలజం పేజీలో ఆ అవధినే వాడుకుంటారు. రెండు పేజీలూ విడిగా చూస్తే బాగానే ఉంటాయి, కలిపితే ఏదీ నిరూపించినట్టు కాదు.

వాస్తవ సంఖ్యల సంపూర్ణత దగ్గర ఇంకా ఎక్కువ. కనిష్ఠ ఎగువ హద్దు, ఒకదానిలో ఒకటి ఇమిడే అంతరాలు, బోల్జానో–వయర్‌స్ట్రాస్: కొన్ని పుస్తకాలు ఒకదాన్ని స్వీకృతంగా తీసుకుని మిగతావి రాబడతాయి, మరికొన్ని ఇంకొకదానితో మొదలుపెడతాయి. ముగ్గురు మూడు పుస్తకాలతో వస్తే చుట్టు ఖాయం. కోశం కనిష్ఠ ఎగువ హద్దును స్వీకృతంగా తీసుకోవాలని మా సలహా, డిగ్రీ తరగతుల్లో ఎక్కువమందికి అలవాటైంది అదే.

చుట్టును యంత్రం పట్టేస్తుంది. ప్రతి పేజీకి "ఆధారాలు" అని మూస పెట్టి, నిరూపణలో వాడిన పేజీల సంఖ్యలు మాత్రమే అందులో వేయించండి. రాత్రికొకసారి ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం ఆ జాబితాలన్నీ చదివి, ఆధారమేదీ మిగలని పేజీలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతుంది. చివరికి తీయలేని పేజీలు మిగిలాయంటే చుట్టు ఉన్నట్టే. పాతిక, ముప్పై వరుసల కోడు.

సైటు

చేయి తిరిగినవాళ్లు గిట్‌తో (ఫైళ్లలో ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) నడిపే సైటు కావాలంటారు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీయే మేలు. ఊళ్లో లెక్చరరు ఫోను మీద ఒక తప్పు దిద్దాలంటే గిట్ నేర్చుకోరు. దిద్దుబాటు చరిత్ర, చర్చ పేజీ, వీక్షణ జాబితా అన్నీ తెలుగులోనే సిద్ధంగా ఉన్నాయి. 2 జీబీ మెమరీ, 40 జీబీ డిస్కు ఉన్న అద్దె సర్వరు ఈ విడతకు సరిపోతుంది. ఫార్ములాలను తెరమీద చూపడానికి మాథ్‌జాక్స్. డొమైను ఐదేళ్లకు ఒకేసారి కట్టండి, తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్కరి ఈమెయిలు మీద ఉన్న డొమైను ఆ మనిషి ఉద్యోగం మారితే పోతుంది.

ఖాతాలు ఎవరికి పడితే వారికి తెరవకండి. తెరిచి ఉంచిన వికీలోకి ప్రకటనల రోబోలు వచ్చిపడతాయి. తెలిసినవారు పిలిస్తేనే ఖాతా, చదవడం మాత్రం అందరికీ.

తెలుగు లిపి వల్ల వచ్చే చిక్కులు ఇక్కడ కొన్ని. మీడియావికీ పేజీ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో సంకేతం 3 బైట్లు, అంటే 85 సంకేతాలే, ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. "సిద్ధాంతం" అనే చిన్న మాటకే 9 సంకేతాలు. లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అదే మాట 81 అక్షరాల గజిబిజి అవుతుంది. అందుకే ప్రతి పేజీకి నాలుగంకెల శాశ్వత సంఖ్య ఇచ్చి, పొట్టి లింకు దానిమీద నడపండి. స్టాక్స్ ప్రాజెక్టు నాలుగక్షరాల చీటీలు వాడేది ఇందుకే: సిద్ధాంతం వరుస మారినా, పేరు మారినా చీటీ మారదు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను, ఆ పేజీ తీసేసినా సరే, ఇంకోదానికి ఇవ్వకండి.

కంటికి కనబడని అక్షరం ఒకటుంది. "ఫంక్షన్‌లు" అనేటప్పుడు న్, లు కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో అతకనివ్వని గుర్తు పెడుతుంది, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో 8204వది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. పేజీ పేరులో అది దూరితే ఒకేలా కనిపించే రెండు పేజీలు పుడతాయి, లింకు ఎర్రగా ఉంటుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. పేర్లలో ఆ గుర్తు లేకుండా చూడండి, వీలైతే ఆ గుర్తున్న పేరుతో పేజీ తెరవనివ్వని నియమం సైటులోనే పెట్టండి.

పాత నోట్సు యూనికోడ్ కాని "అను" ఫాంట్లలో ఉంటే నేరుగా అతికించకండి, ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటి చూసుకోవాలి. బొమ్మల్లో తెలుగు కావాలంటే, గణితం అచ్చుకూర్చే లాటెక్ రకాల్లో పీడీఎఫ్ లాటెక్ పనికిరాదు; జీలాటెక్ లేదా లువాలాటెక్, అక్షరాలకు ఒత్తులు సరిగా కలిపే హార్ఫ్‌బజ్‌తో, నోటో సెరిఫ్ తెలుగు ఫాంటుతో. పేరా వరుసల మధ్య ఎడం 1.7 పెట్టండి. అంతకు తగ్గితే పై వరుస ఒత్తులు కింది వరుస ఘాతాంకాలను గుద్దుకుంటాయి.

తెలుగు వినగలిగి చదవలేనివారికి

ఇది సరిహద్దు అవసరం, ఎక్కడివారో వచ్చి చేసిపెట్టరు. బరంపురంలోనూ, రాయగడలోనూ తెలుగు చక్కగా మాట్లాడి, ఒడియా లిపి మాత్రమే చదవగలిగేవారు ఉన్నారు. పేజీ పైన ఒక మీట పెడితే అదే తెలుగు వాక్యం ఒడియా లిపిలో కనబడాలి. పని తేలిక: యూనికోడ్‌లో రెండు లిపుల అక్షరాలూ ఒకే వరుసలో అమర్చారు, తెలుగు సంకేతం నుంచి 256 తీసేస్తే ఒడియా అక్షరం వస్తుంది. కాని నాలుగుచోట్ల చేయి పెట్టాలి. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు, అచ్చులైనా గుణింతాలైనా వాటిని దీర్ఘాలకు మార్చాలి. ఱ లేదు, ర వాడాలి. య సంకేతం 3119. 256 తీస్తే వచ్చే 2863 ఒడియాలో "జ" అని పలికే అక్షరం, ప్రమేయం కాస్తా "ప్రమేజం" అవుతుంది. దాని బదులు 2911 పెట్టాలి. వ కూడా 2869 కాకుండా ఇప్పుడు వాడుకలో ఉన్న 2929కి వెళ్లాలి. ఫార్ములాల లోపల ప్రోగ్రాం ఏదీ ముట్టుకోకూడదు.

సరిచూత

పేజీకి ముగ్గురు: రాసినవారు, గణితం చూసేవారు, భాష చూసేవారు. గణితం చూసేవారు మూల పుస్తకం తెరవకూడదు. పేజీలో ఉన్నదానితోనే నిరూపణ నడుస్తుందా అన్నది ప్రశ్న. ఒక్కో నియమం మీద వేలు పెట్టి "ఇది ఏ మెట్టులో వాడారు" అని అడగాలి. ఎక్కడా వాడకపోతే నియమం అనవసరమో, నిరూపణలో ఎవరికీ కనబడని వాడకమో ఉంది. సమూహాల్లో ఎక్కువగా దొరికే తప్పు వినిమయాన్ని తెలియకుండా వాడేయడం: రెండు మూలకాల లబ్ధం విలోమంలో వరుస తిరగబడాలని మరిచిపోతారు.

భాష చూసేవారు గణితంలో పీజీ చేసినవారు కాకపోతేనే మంచిది. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థి గట్టిగా చదివి, నిర్వచనాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పింది తప్పితే మార్చాల్సింది పేజీనే. ముగ్గురూ ఒప్పుకునేదాకా తలలో "సరిచూడలేదు" అనే పట్టీ ఉంటుంది, దాన్ని తీసే అధికారం రాసినవారికి ఉండదు.

నకళ్లు, తుపాన్లు

పైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు వచ్చి గజపతి జిల్లాను ముంచింది. సర్వరు ఎక్కడో దూరాన ఉంటుంది, దానికేమీ కాదు. కరెంటు, నెట్‌వర్కు లేనిది మనకు. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో వారానికి మూడు పేజీల లెక్క వేయకండి, రాసేది ముందు సొంత కంప్యూటర్లో సేవ్ చేసే అలవాటు చేయండి.

రాత్రికొక డేటాబేసు నకలు, దానితోపాటు బొమ్మల ఫోల్డరు, అమరికల ఫైలు. వికీ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ డంపులో ఖాతాలూ బొమ్మలూ ఉండవు, అదొక్కటే చాలనుకోవద్దు. మూడు నకళ్లు: ఒకటి సర్వరు మీద, ఒకటి వేరే కంపెనీ నిల్వలో, ఒకటి ఊళ్లో హార్డ్ డిస్కులో. మూడు నెలలకోసారి ఆ నకలుతో ఖాళీ కంప్యూటర్లో కోశాన్ని తిరిగి లేపి చూడండి. ఫార్ములాలు, తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయా అన్నది చూసేదాకా నకలు ఉన్నట్టు కాదు. డేటాబేసు అక్షర సంకేత పద్ధతి పొరబడితే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా వస్తుంది, అది తెలుసుకోవాల్సింది సర్వరు పోయిన రోజున కాదు.

ప్రకటించాక తప్పు దొరికితే

దొరుకుతుంది. మౌనంగా దిద్దేయకండి, ఆ పేజీ మీద ఆధారపడి ఎవరో పరీక్ష రాసి ఉండవచ్చు, ఇంకో పేజీ నిరూపణ నిలబడి ఉండవచ్చు. పేజీ సంఖ్య అలాగే ఉంచి, తలలో "ఈ తేదీదాకా ఈ సిద్ధాంతంలో ఫలానా నియమం లేదు, అది లేకపోతే ఇదిగో ప్రత్యుదాహరణ" అని రాయండి. ఆ పేజీని ఆధారంగా వాడుకున్న పేజీల జాబితా చుట్టు వెతికే ప్రోగ్రామే ఇస్తుంది. వాటన్నిటి మీదా "సరిచూడలేదు" పట్టీ మళ్లీ వేసి, ఒక్కొక్కటి చూసి తీయండి. తప్పు చూపినవారి పేరు, వారికిష్టమైతే, పేజీ చరిత్రలో ఉండాలి.